అమ్మ దగ్గరున్న రెండు కార్డులు

ప్రభుత్వ వైద్య కళాశాలలను పీపీపీకి, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికి, ఇవ్వడం సరైనదేనా, ఆసుపత్రులను ఏ ప్రభుత్వం బాగా నడిపింది, విశాఖవాళ్లు చెప్పండి అని అడిగారు. నేను ఏ పార్టీ మనిషినీ కాను. నాకు తెలిసిందల్లా మా అమ్మ తుంటి ఎముక విరిగినప్పుడు తెలిసిందే.

2025 అక్టోబరులో మర్రిపాలెంలో మా ఇంటి పెరట్లో జారిపడింది. 108కి ఫోన్ చేస్తే వచ్చారు, జాగ్రత్తగా ఎక్కించారు. ఆ సేవ 2005లో మొదలైంది. ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ మూడంకెల జోలికి ఎవరూ పోలేదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీకి ఆ అదృష్టం లేదు. విభజన తరువాత ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019లో మళ్లీ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. అమ్మ పర్సులో రెండు కాలాల కార్డులూ ఉన్నాయి, ఒకే ప్లాస్టిక్ కవరులో, వీపులు ఆనించుకుని.

దగ్గరలోని నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే ఆ పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రిలో, గుమస్తా వాటిని చూడనైనా లేదు. అద్దానికి అంటించిన కాగితం చూపించాడు: బకాయిలు రానందున పథకం సేవలు నిలిపివేశాం. ఆ నెల ప్రైవేటు ఆసుపత్రులు రాష్ట్రమంతా ఇదే పని చేశాయి. బకాయిలు మీరు పెట్టినవే అని ఇప్పటి ప్రభుత్వం వాళ్లు, మీ చేతకానితనమే అని పోయిన ప్రభుత్వం వాళ్లు. 2024 మేలో అప్పటి ప్రభుత్వం ఉండగానే ఇదే కారణంతో సేవలు ఆపిన సంగతి ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు. డబ్బు కట్టి చేయించుకునే స్తోమత మాకు లేదు. ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్లాం. పేరు అనవసరం.

అక్కడి ఎముకల వైద్యుడి గురించి ఒక్క మాట కూడా తప్పుగా అనలేను. ఎక్స్‌రే వెలుగుకు ఎత్తి పట్టుకుని, ఎక్కడ విరిగిందో, ఏం చేస్తారో అమ్మకే వివరించాడు, నాకు కాదు. ఆరో రోజున ఆపరేషన్ చేశారు, మాకు పైసా ఖర్చు లేదు. కానీ వార్డు నుంచి ఎక్స్‌రే గదికి తీసుకువెళ్లడానికి ఎంఎన్ఓ, అంటే రోగులను తీసుకెళ్లే వార్డు సహాయకుడు, లేడు. స్ట్రెచర్ ముందు చక్రం ఒకటి తిరగదు, ఎటు నెట్టినా గోడ వైపే లాగుతుంది. పక్క మంచం దగ్గర పాడేరు వైపు నుంచి తమ్ముణ్ణి తెచ్చిన ఒకాయన ఉన్నాడు. ఆయన ఆ చక్రం ఉన్న మూలను చేత్తో కాస్త ఎత్తి పట్టుకుంటే నేను వెనక నుంచి నెట్టాను. మరునాడు అతని తమ్ముడి వంతు, చక్రం దగ్గర నేను. ఆరు రోజుల్లో మేమిద్దరం ఆ పనిలో బాగానే ఆరితేరాం. పాడేరులో 2024లోనే వైద్య కళాశాల మొదలైంది కదా అన్నాను. "మొదలైంది బాబూ, వాళ్లే ఇక్కడికి రాసిచ్చారు" అన్నాడు.

ఇక పీపీపీ. గత ప్రభుత్వం తలపెట్టిన 17 కళాశాలల్లో విజయనగరంతో సహా అయిదు 2023లో మొదలయ్యాయి. మిగిలినవాటిలో పదింటిని ఇప్పుడు ప్రైవేటు భాగస్వామ్యానికి ఇస్తున్నారు. అమ్మేస్తున్నారని గొడవ చేస్తున్నవారే 2023లో ఆ కొత్త కళాశాలల సీట్లలో 35 శాతం ఏడాదికి 12 లక్షలకు, 15 శాతం ఎన్ఆర్ఐలకు 20 లక్షలకు అని జీవోలు ఇచ్చారు. ఆ జీవోలు రద్దు చేస్తామని ఓట్లడిగినవారు ఈ పని చేస్తున్నారు. సగంలో ఆగిన గోడలు ఎవరి చేతనైనా పూర్తయితే చాలు అనే వాదన నాకు అర్థమవుతుంది. అయినా నేను దీనికి వ్యతిరేకమే. పేదలకు ఆ కళాశాలల ఆసుపత్రుల్లో కూడా పథకం కిందే వైద్యం అంటున్నారు. అంటే బిల్లు కట్టవలసింది మళ్లీ ప్రభుత్వమే. నెట్‌వర్క్ ఆసుపత్రులకు వేళకు కట్టలేనివారు ఈ భాగస్వామికి మాత్రం వేళకు కడతారా? కట్టకపోతే అతను కూడా అద్దానికి అదే కాగితం అంటిస్తాడు. అప్పుడు పాడేరు తమ్ముణ్ణి ఎక్కడికి రాసిస్తారు?

ఎవరు బాగా నడిపారంటారా? 108 అందరూ బాగానే నడిపారు. బకాయిలు కూడా అందరూ పెట్టారు.

డిశ్చార్జి రోజున ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర అమ్మాయి ఆ రెండు కార్డులనూ పక్కకు జరిపి రేషన్ కార్డు నంబరు అడిగింది. పాతది పారేద్దామా అన్నాను. అమ్మ రెండింటినీ మళ్లీ అదే కవరులో పెట్టుకుంది. "ఉండనీరా, వచ్చేసారి ఏది అడుగుతారో" అంది.