ఔటైనవారు ఎంతసేపు కూర్చోవాలి? ఒకే గదిలో ఆడే ఇండీ గేముల ఎంపిక గురించి

శనివారం సాయంత్రాలు ఇంటికి నలుగురైదుగురు స్నేహితులు వస్తారని, ఒక ల్యాప్‌టాప్, ఒక టీవీ, రెండు కంట్రోలర్లు ఉన్నాయని, వచ్చేవాళ్లలో సగం మంది ఇంతవరకు కంట్రోలర్ పట్టుకోనివాళ్లని మీరు రాశారు. ఇంటర్నెట్‌లో ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చొని ఆడేవి కాకుండా, అందరూ ఒకే గదిలో చేరి ఆడదగిన ఇండీ గేములు, అంటే పెద్ద సంస్థలు కాక చిన్న బృందాలు సొంతంగా తయారుచేసే గేములు, చెప్పమని అడిగారు. నేను 2016 నుంచి దాదాపు ఇదే పరిస్థితిలో, మొదట కూకట్‌పల్లిలో నలుగురం కలిసి అద్దెకున్న ఫ్లాటులోనూ, పెళ్లయ్యాక మా ఇంట్లోనూ ఈ గేములు ఆడుతూ వస్తున్నాను. కాబట్టి నా అనుభవంలో తేలిన సంగతులు కొంచెం వివరంగానే రాస్తాను.

గేము కొనేముందు చాలామంది ఎంతమంది ఆడవచ్చు, బొమ్మలు ఎలా ఉన్నాయి, రేటింగు ఎంత అని చూస్తారు. నేను వీటన్నిటికంటే ముందు చూసేది ఒకటుంది. ఔటైన మనిషి మళ్లీ ఆటలోకి రావడానికి ఎంతసేపు ఊరికే కూర్చోవాలి? చిన్నప్పుడు వీధిలో ఆడుకునేటప్పుడు మరీ చిన్నపిల్లలను వదిలెయ్యలేక 'ఆటలో అరటిపండు' అని చేర్చుకునేవాళ్లం. వాళ్లు ఔటైనా లెక్క ఉండదు, గెలిచినా లెక్క ఉండదు. అయిదేళ్ల పిల్లవాడికి ఆ మాత్రం చాలు, పరుగెత్తడమే సంతోషం. ముప్పై ఏళ్ల మనిషిని మాత్రం అలా అరటిపండును చేసి సోఫాలో కూర్చోబెడితే, పది నిమిషాల్లో ఫోను తీస్తారు, మరుసటి శనివారం ఏదో పని ఉందంటారు.

మా ఫ్లాటులో మొదటి రెండు నెలలు ఇదే జరిగింది. అప్పుడు మేము ఎంచుకున్నది స్పెలంకీ. డెరెక్ యూ 2008లో ఉచితంగా విడుదల చేసి, 2012లో కొత్త బొమ్మలతో మళ్లీ తీర్చిదిద్దిన గుహల ఆట అది. ఆడిన ప్రతిసారీ గుహ కొత్తగా తయారవుతుంది. ఒంటరిగా ఆడేవారికి అంతకు మించిన ఆటను నేను ఇప్పటికీ చూడలేదు. అయితే నలుగురం ఆడినప్పుడు అలవాటున్న ఇద్దరం కిందికి దూసుకుపోయేవాళ్లం, తక్కిన ఇద్దరు మొదటి నిమిషంలోనే ముళ్లమీద పడి చనిపోయేవారు. చనిపోయినవారు చిన్న దయ్యంగా మారి గాలి ఊదడం తప్ప ఏమీ చెయ్యలేరు. బతికున్నవారికి ముందరి లెవెళ్లలో శవపేటిక కనబడి, దానిని బద్దలుకొడితేనే వాళ్లు తిరిగి వస్తారు. ఆ ఎదురుచూపులోనే మా వాళ్ల సాయంత్రమంతా గడిచేది. మూడో వారానికి ఒకరు వంటగదిలోకి వెళ్లి అందరికీ టీ పెట్టడం తన పనిగా చేసుకున్నారు. తప్పు ఆటది కాదు, ఆ మనుషులున్న గదికి దానిని తెచ్చిన మా ఎంపికది.

ఆ తరువాత తెచ్చినది ఓవర్‌కుక్డ్. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఇద్దరే మనుషులు పెట్టుకున్న ఘోస్ట్ టౌన్ గేమ్స్ దీనిని తయారుచేసింది. 2016 ఆగస్టులో విడుదలైంది, మరుసటి ఏడాది బ్రిటన్‌లో బాఫ్టా పురస్కారాలు కూడా అందుకుంది. మీరు నలుగురు వంటవాళ్లు. తెర పైభాగంలో ఆర్డర్లు వస్తూ ఉంటాయి. ఉల్లిపాయ సూపు కావాలంటే మూడు ఉల్లిపాయలు తరిగి, గిన్నెలో వేసి పొయ్యిమీద ఉడికించి, పళ్లెంలో పోసి అందించాలి. గిన్నెను మరచిపోతే మాడుతుంది, ఇంకా మరచిపోతే మంట అంటుకుంటుంది, అప్పుడు ఎవరో ఒకరు మంటలార్పే సిలిండరు కోసం పరుగెత్తాలి. వంటగదులు కూడా స్థిరంగా ఉండవు. ఒకచోట పక్కపక్కనే పరుగెత్తుతున్న లారీల మీద ఉంటాయి, మరొకచోట జారిపోయే మంచుపలకల మీద ఉంటాయి. కిందపడినా కొన్ని సెకన్లలో తిరిగి వస్తారు, రౌండు మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, గెలుపోటములు అందరివీ ఒకటే.

నేను ఈ ఆటను అందరికీ మొదట చెప్పడానికి కారణం పళ్లేలు కడిగే పని. చాలా వంటగదుల్లో వడ్డించిన పళ్లేలు ఎంగిలి పళ్లేలుగా తిరిగి వస్తాయి, కడిగితే తప్ప తరువాతి ఆర్డరు బయటికి పోదు. కొత్తగా వచ్చినవారికి తొట్టి దగ్గర నిలబడి ఒకే బటను నొక్కే ఆ పని ఇస్తే, రెండు నిమిషాలు గడిచేసరికి గదిలో అందరూ 'పళ్లెం, పళ్లెం' అని వారి పేరు పెట్టి పిలుస్తూ ఉంటారు. పని అతి సులువు, అయినా అది ఆగితే అంతా ఆగిపోతుంది. మా స్నేహితుల్లో సి.ఎ. పరీక్షలకు చదువుకుంటూ, వీడియో గేములంటే ఆమడదూరం ఉండే ఒకమ్మాయి అలా పళ్లేల దగ్గర మొదలై, నెల తిరిగేసరికి ఏ ఆర్డరు ముందు, ఏది వెనుక, ఎవరు తరగాలి అని మా అందరికీ చెప్పే స్థితికి వచ్చింది. లెక్క తప్పకుండా వరుస పట్టే ఆ నేర్పు మా ముగ్గురిలో ఎవరికీ లేదు. మీ విషయంలో మరో సౌకర్యం ఉంది. ఒకే కంట్రోలరును ఇద్దరు చెరిసగం పట్టుకొని, ఎడమ భాగంతో ఒకరు, కుడి భాగంతో ఒకరు ఆడే ఏర్పాటు ఇందులో ఉంది, కాబట్టి మీ రెండు కంట్రోలర్లతో నలుగురు ఆడవచ్చు. 2018లో వచ్చిన రెండో భాగంలో కూరగాయలను విసిరి అందించుకోవచ్చు. రెండు భాగాలనూ కలిపిన ఆల్ యూ కెన్ ఈట్‌లో సమయాన్ని పెంచుకొనే సహాయక పద్ధతి ఉంది, కొత్తవారు ఎక్కువగా ఉంటే ఇదే కొనండి.

కంట్రోలర్ అక్కర్లేని ఆట కావాలంటే కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్ ఉంది. కెనడాలోని ఒట్టావాకు చెందిన స్టీల్ క్రేట్ గేమ్స్ 2014 జనవరిలో ఒక గేమ్ జామ్‌లో (కొద్ది గంటల్లోనే గేము తయారుచేసే పోటీలాంటి కార్యక్రమంలో) దీనికి తొలి నమూనా చేసి, 2015లో పూర్తి గేముగా విడుదల చేసింది. ఒకరు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారు, తెరమీద ఒక బాంబు, దానిమీద వెనక్కి తిరిగే గడియారం ఉంటాయి. మిగిలినవారి చేతిలో ఆ బాంబు పేలకుండా ఎలా ఆపాలో చెప్పే 23 పేజీల మాన్యువల్ ఉంటుంది. బాంబు చూసేవారు మాన్యువల్ చూడకూడదు, మాన్యువల్ చూసేవారు బాంబు చూడకూడదు, మధ్యలో ఉన్నది మాట ఒక్కటే. మూడు తీగలుండి వాటిలో ఎర్రది ఒక్కటీ లేకపోతే రెండో తీగను కత్తిరించాలి, ఎర్రది ఉండి చివరిది తెల్లదైతే చివరిదానిని కత్తిరించాలి, ఈ తీరున నియమాలుంటాయి.

మా మామగారు విద్యుత్తు సంస్థలో లైన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందారు. ఒక సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన చేతికి మాన్యువల్ ఇచ్చి, మా తమ్ముణ్ణి ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాము. ఆయన కళ్లజోడు సవరించుకొని, గడియారం టిక్కుటిక్కుమంటున్నా ఏమాత్రం తొణకకుండా, "ముందు ఎన్ని తీగలున్నాయో చెప్పు బాబూ. నేను చెప్పేదాకా దేన్నీ ముట్టుకోకు" అన్నారు. అప్పటివరకు మేమందరం ఒకేసారి అరుస్తూ మూడు బాంబులు పేల్చుకున్నాము. ఆయన అడిగిన వరుసలో, ముందు లెక్క, తరువాత రంగులు, ఆ తరువాతే కత్తెర అన్న పద్ధతిలో నాలుగోది పేలకుండా ఆగింది. కరెంటు పనిలో ముప్పై ఏళ్లు నడిచిన అలవాటు ఆ గదిలో అక్షరాలా పనికివచ్చింది. ఆయన ఇంతవరకు ఏ కంట్రోలరునూ పట్టుకోలేదు, అయినా ఆ సాయంత్రం ఆట నడిపించినది ఆయనే.

ఈ ఆటను తెలుగులో ఆడటంలో ప్రత్యేకమైన ఆనందం ఉంది. బాంబులోని ఒక భాగంలో వింత గుర్తులుంటాయి, వాటికి పేర్లుండవు, ఎదుటివారికి అర్థమయ్యేలా మీరే వర్ణించాలి. మా ఇంట్లో సున్నకు కిందికి కాడ దించినట్లుండే గుర్తు 'పుల్లకు గుచ్చిన ఉసిరికాయ'గా స్థిరపడిపోయింది. నల్ల నక్షత్రం, ఖాళీ నక్షత్రం, తలకిందుల ప్రశ్నార్థకం వంటివి ఎవరికైనా అందుతాయి. ఇబ్బంది అంతా ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటలతో నిండిన మరో భాగంతో వస్తుంది. అక్కడ ఒక్కొక్క అక్షరాన్నీ విడిగా పలకాలని మొదటే నియమం పెట్టుకోండి, ఇంగ్లీషు అంతగా రానివారు మాన్యువల్ పట్టుకున్నప్పుడు ఆ భాగం లేని బాంబులనే ఎంచుకోండి. బాంబు నడిచే యంత్రంలో మాత్రమే గేము కొంటే సరిపోతుంది, మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది.

ఇక పోటీ ఆటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది టవర్‌ఫాల్. మ్యాడీ థోర్సన్ వాంకూవర్‌లో తోటి గేము తయారీదారులతో ఒకే ఇంట్లో ఉంటున్న రోజుల్లో రూపొందించిన ఈ విలుకాళ్ల ఆట 2013లో మొదటిసారి విడుదలైంది, అసెన్షన్ పేరుతో 2014లో పీసీకి వచ్చింది. ఇందులో ఆన్‌లైన్ ఆట అసలు లేదు, మొదటినుంచీ ఒకే తెర ముందు కూర్చునేవారికోసమే తీర్చిన ఆట ఇది. ఒక్కొక్కరికి మూడేసి బాణాలతో రౌండు మొదలవుతుంది, ఒక్క బాణం తగిలితే చాలు, ప్రాణం పోతుంది. వేసిన బాణం గోడకు గుచ్చుకుంటే వెళ్లి తెచ్చుకోవాలి, నేర్పుంటే ఎదుటివారు వేసినదానిని గాలిలోనే పట్టుకోవచ్చు. ఔటైనవారు కూర్చోవలసినది అర నిమిషం లోపే కాబట్టి ఎవరికీ విసుగు రాదు. పైగా అందరూ ఒక్క దెబ్బకే పోతారు, తెర కుడి అంచు దాటిన బాణం ఎడమ అంచునుంచి వస్తుంది, అందువల్ల మొదటిరోజు ఆడేవారి గురితప్పిన బాణం కూడా అప్పుడప్పుడు ఆరితేరినవారిని పడగొడుతుంది. అయితే దీనికి నలుగురికీ నాలుగు కంట్రోలర్లు ఉంటేనే బాగుంటుంది, బటన్లు కాస్త అలవాటై ఉండాలి. అందువల్ల మీరు రెండో నెలలో కొనవలసినదిగా దీనిని చెబుతాను.

అందరూ ఒకే పక్షాన ఉండాలనుకుంటే టొరంటోలోని ఆస్టరాయిడ్ బేస్ 2015లో చేసిన లవర్స్ ఇన్ ఎ డేంజరస్ స్పేస్‌టైమ్ చూడండి. గుండ్రటి అంతరిక్ష నౌకలో నడిపే చోటు, కవచం, తుపాకులు వేర్వేరుగా ఉంటాయి, మనుషులకంటే పనులు ఎక్కువ, ఒకచోటినుంచి మరొకచోటికి పరుగెత్తాలి. ప్రాణం నౌకకే ఉంటుంది, కాబట్టి ఒక్కరే ఔటవడమన్నది రాదు. మాంట్రియల్ నుంచి 2016లో వచ్చిన అల్టిమేట్ చికెన్ హార్స్ దీనికి పూర్తిగా వేరు. ప్రతి రౌండులోనూ ఒక్కొక్కరు దారిలో ఒక్కొక్క వస్తువు పెడతారు, ఆ తరువాత అందరూ జెండా దాకా పరుగెత్తుతారు. అందరూ చేరితే ఎవరికీ పాయింట్లు రావు. మీరు చచ్చిపోయినా మీరు పెట్టిన ఉచ్చులో ఇంకొకరు పడితే మీకు పాయింట్లు వస్తాయి కాబట్టి, ఔటైనవారే తెరను అందరికంటే శ్రద్ధగా చూస్తారు.

ఇద్దరికే పరిమితమైన కత్తియుద్ధపు ఆట నిద్‌హాగ్‌ను, గెలిచినవారు నిలిచి ఓడినవారు తప్పుకొనే పద్ధతిలో, వంతులవారీగా మాత్రమే ఆడండి. ఒక్క రూపాయి ఖర్చులేకుండా మొదలుపెట్టాలంటే ఎవరి ఫోనులో వారు వేసుకొని ఆడే స్పేస్‌టీమ్ ఉంది. 2012 నాటి ఈ ఆటలో మీ తెరమీదికి వచ్చే ఆజ్ఞను పాటించవలసిన మీట మరొకరి ఫోనులో ఉంటుంది. అరవక తప్పదు, కాబట్టి అపార్ట్‌మెంటులో రాత్రి పదిలోపు ముగించండి.

పరికరాల విషయానికి వస్తే, ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎమ్ఐ తీగతో టీవీకి కలిపి, టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి. అది పెట్టకపోతే బటను నొక్కినదానికి, తెరమీద జరిగేదానికి మధ్య తేడా వస్తుంది, కొత్తవారు అది తమ చేతకానితనమనుకొని వెనక్కి తగ్గుతారు. మా స్నేహితుడొకరు నాలుగు రోజులు ఆడి మానేసిన కారణం ఇదేనని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాము. కొత్త కంట్రోలర్లు కొంటే తీగ ఉన్నవే కొనండి. ఛార్జింగు గురించి, బ్లూటూత్ కలవకపోవడం గురించి సాయంత్రం సగం పోగొట్టుకోనక్కర్లేదు.

మీ వాళ్లలో ఎవరైనా ఊరు మారితే, కంప్యూటరు గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 2019 నుంచి రిమోట్ ప్లే టుగెదర్ అనే సౌకర్యం ఉంది. మీ దగ్గర గేము ఒక్కటుంటే, దూరాన ఉన్నవారు కొనకుండానే మీ తెరను చూస్తూ తమ కంట్రోలరుతో ఆడవచ్చు. మా నలుగురిలో ఒకరు డాలస్ వెళ్లిపోయారు. వేసవిలో ఇక్కడ శనివారం ఉదయం ఎనిమిదంటే అక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర, ఆ వేళకు కలుస్తాము. సిగ్నలు అంత దూరం వెళ్లి రావడంలో జరిగే ఆలస్యానికి టవర్‌ఫాల్ నిలవదు, ఓవర్‌కుక్డ్ నిలుస్తుంది. డాలస్‌లో ఉన్నవారికి మేము ఇప్పటికీ పళ్లేలు కడిగే పనే ఇస్తాము, ఆ పనికి క్షణం ఆలస్యమైనా నష్టం లేదు.

మొదటి శనివారానికి మీరు కొనవలసినవి రెండే, ఓవర్‌కుక్డ్, బాంబు గేము. మాన్యువల్‌ను ఇద్దరు ఒకేసారి చూసేలా రెండు ప్రతులు ముద్రించి పెట్టుకోండి. ముందు బాంబుతో మొదలుపెట్టి, కంట్రోలర్ పట్టుకోనివారి చేతికే మొదట మాన్యువల్ ఇవ్వండి. వాళ్లు రెండు బాంబులు ఆపాక వంటగదిలోకి పిలవండి.