సీలెంట్ అంచున గోధుమ రంగు గీత: బాండింగ్ ఏజెంట్ వేసి ఉంటే ఆగేదా?

డాక్టర్ గారూ, ఏడేళ్ల బాబు కింది దవడ పన్నుకి మీరు వేసిన సీలెంట్ (నమిలే పళ్ల గాడుల్ని మూసే రెజిన్, అంటే ప్లాస్టిక్ లాంటి పూత) అంచున ఆరు నెలలకే గోధుమ రంగు గీత పడిందని, బాండింగ్ ఏజెంట్ (సీలెంట్ కింద పూసే, అంటుకునేలా చేసే ద్రవం) వేసి ఉంటే లీకేజీ (అంచు సందులోంచి ఉమ్మి లోపలికి దిగడం) ఆగేదా అని అడిగారు. ఆగే అవకాశం ఉంది. కానీ ఆ రోజు పన్ను ఎంత పొడిగా ఉందో ముందు గుర్తు చేసుకోండి.

సీలెంట్‌కి తడి అస్సలు పడదు. ఎచ్ చేసిన, అంటే యాసిడ్‌తో సన్నని రంధ్రాలు పడేలా చేసిన ఎనామెల్‌కి (పంటి పై పొరకి) ఒక్క క్షణం ఉమ్మి తగిలినా ఆ సన్నని రంధ్రాలు పూడుకుపోతాయి, రెజిన్ లోపలికి దిగదు. బాండింగ్ ఏజెంట్ పల్చగా ఉంటుంది, కొంత తడిని ఓర్చుకుని గాడి లోపలికి పాకుతుంది. అందుకే సగమే మొలిచిన పళ్లలో, నోట్లో కాటన్ రోల్ నిలవనివ్వని పిల్లల్లో దాని ఉపయోగం బాగా తెలుస్తుంది. పన్ను చక్కగా ఆరి ఉంటే తేడా అంతగా ఉండదు.

అయితే సెల్ఫ్ ఎచ్ బాండ్ (తనే ఎచ్ కూడా చేసే బాండింగ్ ఏజెంట్) ఉంది కదా అని ఎచ్ చేసే 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ మానేయకండి. బర్ (డ్రిల్ మొన) తగలని ఎనామెల్‌కి సెల్ఫ్ ఎచ్ బాండ్ ఒక్కటే చాలదు. కడిగి ఆరబెట్టాక పన్ను సుద్దముక్కలా తెల్లబడాలి. బాండ్ వేశాక గాలితో బాగా పల్చన చేయండి. మొదట్లో నేను ఇక్కడే తప్పు చేసేవాణ్ని: బాండ్ గాడిలో మడుగు కట్టేది, సీలెంట్‌కి చోటే మిగిలేది కాదు.

ఇప్పుడున్న సీలెంట్ అంచుని ప్రోబ్‌తో మెల్లగా తడిమి చూడండి. కదులుతుంటే తీసేసి, కింద పుచ్చు లేదని చూసుకుని మళ్లీ వేయండి. ఉమ్మి ఆపడం కుదరకపోతే ప్రస్తుతానికి గ్లాస్ అయానమర్ (తడిని కొంత ఓర్చుకునే సిమెంట్) పెట్టి, పన్ను పూర్తిగా పైకొచ్చాక రెజిన్ వేయండి.