ఇచ్ఛాపురం పాపకు ఇంటర్ ఎక్కడ: బరంపురమా, విశాఖా?

"పాప టెన్త్ పాసైంది. ఒడిశాలోని బరంపురం పాతిక కిలోమీటర్లే, ఇంటి నుంచే వెళ్లొస్తుంది. విశాఖ అయితే హాస్టల్లో పెట్టాలి. ఎక్కడ చదివినా తర్వాత ఇంజనీరింగ్ సీటు ఒకటే కదా?" అని ఇచ్ఛాపురం నుంచి ఒకరు అడిగారు.

ఒకటి కాదండీ. ఈ సంగతి నేను పడి తెలుసుకున్నాను.

మాది ఇచ్ఛాపురం దగ్గర కవిటి వైపు. 2008లో టెన్త్ అయ్యాక నాన్న నన్ను బరంపురంలో మేనత్త ఇంట్లో ఉంచి ప్లస్‌టూ, అంటే అక్కడి ఇంటర్, చదివించారు. ఖర్చు తక్కువ, ఇంటి అన్నం. మా చుట్టుపక్కల చాలామంది అదే చేసేవారు. 2010లో ఎంసెట్ ర్యాంకు పట్టుకుని సీటు కోసం నాన్నా నేనూ విశాఖ వచ్చాం. సర్టిఫికెట్లు చూసే ఆయన పెన్సిల్‌తో ఒక్కో స్టడీ సర్టిఫికెట్‌కీ టిక్కు పెడుతూ వచ్చారు. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. ప్లస్‌టూ కాగితం దగ్గర పెన్సిల్ ఆగింది. "ఇది ఒడిశా బోర్డు కదా బాబూ, నువ్వు నాన్‌లోకల్" అన్నారు. నాన్న సంచిలోంచి కొబ్బరితోట పాస్‌బుక్కు తీసి, తాతల నాటి నుంచీ మాది ఇక్కడే అని చూపించబోయారు. రూలు చూసేది పొలం ఎక్కడుందని కాదు, పిల్లాడు ఎక్కడ చదివాడని.

ఎవరు లోకలో, ఎవరు నాన్‌లోకలో తేల్చే రాష్ట్రపతి ఉత్తర్వు 1974 నాటిది. సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకి. పరీక్ష పాసైన ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఆ యూనివర్సిటీ ఏరియాలో చదివుండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. తల్లిదండ్రులు పదేళ్లుగా రాష్ట్రంలో ఉంటున్నట్టు ధ్రువపత్రం తెస్తే మిగిలిన 15 శాతంలో పోటీ పడొచ్చన్నారు. నాన్న ఆ రాత్రే రైలెక్కి, తహసీల్దార్ సంతకంతో మర్నాడు సాయంత్రానికి తిరిగొచ్చారు. అయినా నాకంటే వెనక ర్యాంకున్న నా టెన్త్ క్లాస్‌మేట్‌కి ఆంధ్రా యూనివర్సిటీలో సీటొచ్చింది, నాకు రాలేదు. ప్రైవేటు కాలేజీలో, నేను కోరుకోని బ్రాంచిలో చేరాను.

ఆ రూలే చెడ్డదని నేననను. అది లేకపోతే వెనకబడిన ప్రాంతాల పిల్లలకు మిగిలేది ఇంకా తక్కువ. నా బాధ వేరు. ఆ ఉత్తర్వులో ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా అంటే శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా. మా కవిటి, సోంపేట వైపు ఉద్దానం పిల్లా, విజయవాడ కోచింగ్‌లో రాత్రింబవళ్లు చదివిన పిల్లా ఇద్దరూ లోకలే. పైగా విశాఖ మనకి 250 కిలోమీటర్లు. మా చెల్లికి నాకన్నా మంచి మార్కులు. ఆడపిల్లని అంత దూరం పంపలేమని అమ్మ పట్టుబట్టింది, ఇంటి నుంచి వెళ్లొచ్చే డిగ్రీతో దాని చదువు ఆగిపోయింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ మనసు బాగోదు.

కాబట్టి ఇంటర్ మాత్రం రాష్ట్రం దాటించకండి. విశాఖే అక్కర్లేదు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, ఎక్కడైనా సరే. ఎన్‌ఐటీలకైనా (కేంద్రం నడిపే ఇంజనీరింగ్ కాలేజీలు) ఇంటర్ ఎక్కడ పాసైతే అదే సొంత రాష్ట్రం. టెన్త్‌లో మంచి మార్కులుంటే శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్ల ట్రిపుల్‌ఐటీకి అప్లికేషన్ పెట్టండి. అక్కడ సీటు టెన్త్ మార్కులతోనే ఇస్తారు, ఇంటర్, ఇంజనీరింగ్ కలిపి ఆరేళ్లూ అక్కడే చదువు, హాస్టలూ అక్కడే. ఆరు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు టీసీతో పాటే ఇప్పుడే తీసుకోండి. పేరు, ఇంటిపేరు అన్నిట్లో ఒకేలా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.