బంగారు తీగకు గాలం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చంద్రగిరి మండలం నుంచి ఒక పాఠకుడు: మా ఊరి చెరువులో బంగారు తీగ, ఎర్రమోసు, శీలావతి అన్నీ ఉన్నాయి. ఒక్కో చేపకు ఒక్కో రకం గాలం కట్టాలా? అన్నిటికీ పనికొచ్చేది ఒకటి ఎలా కట్టుకోవాలో చెప్పండి.

వేర్వేరుగా అక్కర్లేదండీ. అడుగున మేత వెతుక్కునే చేపలకు హెయిర్ రిగ్ ఒక్కటి కట్టడం వస్తే చాలు. ఇంగ్లండులో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడాక్స్ రూపొందించిన పద్ధతి ఇది. మొదట్లో మనిషి వెంట్రుకతోనే కట్టేవారు.

బంగారు తీగకు పళ్లు నోట్లో ఉండవు, గొంతులో ఉంటాయి. ఎరను నీళ్లతో పాటు లోపలికి పీలుస్తుంది, ఏ కాస్త తేడా తోచినా ఉమ్మేస్తుంది. హుక్కును ఎరలో గుచ్చితే మొన ఎరలోనే కూరుకుపోయి, ఎరతో పాటే బయటికి వచ్చేస్తుంది. హెయిర్ రిగ్‌లో ఎర హుక్కుకు బయట, చిన్న దారపు కొసన వేలాడుతుంది. మొన ఖాళీగా ఉంటుంది కాబట్టి, చేప ఉమ్మబోయినప్పుడు కింది పెదవికి తగులుకుంటుంది.

కావలసినవి: 6 లేదా 8 నంబరు హుక్కు, 20-25 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన) దారం 35 సెం.మీ., ఒక స్వివెల్ (రెండు వైపులా కన్ను ఉండి, మెలిక పడకుండా తిరిగే చిన్న ముక్క), సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, ఒక పూస, 50-60 గ్రాముల బెజ్జం ఉన్న సీసపు గుండు. రీలులో 0.35 మి.మీ. నైలాన్ వైరు సరిపోతుంది.

ముందు దారం ఒక కొసన అర సెంటీమీటరు ఉచ్చు వేయండి. ఆ ఉచ్చును 3 మి.మీ. ట్యూబు ముక్కలోంచి దూర్చి, అదే ముక్కను హుక్కు మొన మీదుగా ఎక్కించి కాడ మీదికి జరపండి. ఇప్పుడు పొడుగు కొసను హుక్కు కంట్లోకి వెనక వైపు నుంచి, అంటే మొనకు ఎదురు దిక్కు నుంచి దూర్చండి. ఉచ్చులో ఎర గుచ్చి చూసుకుని, ఎరకూ హుక్కు వంపుకూ మధ్య 4-5 మి.మీ. ఖాళీ మిగిలేలా దారాన్ని లాగండి. కాడనూ దానికి ఆనుకున్న దారాన్నీ బొటనవేలితో కదలకుండా నొక్కిపట్టి, పొడుగు కొసతో కన్ను దగ్గర మొదలుపెట్టి వంపు వైపుగా 7-8 చుట్లు పక్కపక్కనే వేయండి. చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు. ఆ కొసను మళ్లీ కంట్లోకి వెనక నుంచే దూర్చి, ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగించండి. తడపకుండా లాగితే రాపిడికి దారం బలం పోతుంది.

చాలామందికి తప్పేది ఆఖరి దూర్పులోనే. ముందు నుంచి దూర్చితే ముడి బాగానే బిగుస్తుంది, చూడ్డానికీ తేడా ఉండదు, కానీ హుక్కు తిరగదు. పరీక్ష సులువు. కట్టిన గాలాన్ని చూపుడువేలి మీద అడ్డంగా వేసి, స్వివెల్ కట్టబోయే కొసను మెల్లగా లాగండి. హుక్కు బోర్లా తిరిగి మొన చర్మాన్ని తాకాలి. పక్కకు పడుకుని జారిపోతే విప్పి మళ్లీ కట్టండి.

రెండో కొసను స్వివెల్‌కు కట్టినాక దారం 18-20 సెం.మీ. మిగలాలి. అసలు వైరు మీద ముందు గుండు, తర్వాత పూస ఎక్కించి, స్వివెల్ రెండో కంటికి ముడి వేయండి. పూస లేకపోతే గుండు వెళ్లి ముడినే కొడుతుంది.

వేరే గాలం కట్టకుండానే ఇందులో మార్పులు చేసుకోవచ్చు. అడుగున నాచు ఉంటే ఎర పక్కన చిన్న ఫోమ్ ముక్క గుచ్చండి, ఎర నాచుకు పైన నిలబడుతుంది. చేపలు ఎర పట్టి వదిలేస్తుంటే, గుండుకు పై వైపు వైరు మీద వాల్వ్ ట్యూబు ముక్క బిగుతుగా జరిపి గుండును నిలిపేయండి. బరువు తగిలి చేప బెదిరి పరుగెత్తుతుంది, హుక్కు దానంతటదే దిగుతుంది. కానీ గుండును ముడివేసి మాత్రం ఆపకండి. వైరు తెగితే ఆ చేప గుండును ఈడ్చుకుంటూ ఏ ముళ్లకంపలోనో చిక్కి చస్తుంది. ట్యూబుతో ఆపిన గుండు జారి పడిపోతుంది.

చిత్తూరు నుంచి: చేప తగులుతోంది, సగం దూరం వచ్చాక జారిపోతోంది. ఎందుకు?

ముందు హుక్కు మొన చూడండి. బొటనవేలి గోరు మీద ఆనించి లాగితే పట్టుకోవాలి, జారిందంటే మార్చేయాల్సిందే. రాళ్ల కట్ట దగ్గర వేసే గాలం రెండు మూడు విసుర్లకే మొద్దుబారుతుంది. మొన బాగుంటే, దారపు కొస పొట్టిగా ఉండి ఎర వంపుకు ఆనుకుందేమో చూడండి. అలాంటప్పుడు హుక్కు పెదవి అంచునే పడుతుంది. వైరు కదలగానే రాడ్‌ను గట్టిగా గుంజే అలవాటు కూడా మానండి. పరుగు మొదలయ్యాక రాడ్ ఎత్తితే చాలు. రీలు బ్రేకు కాస్త వదులుగా పెట్టుకోండి.

పుత్తూరు నుంచి: మా చెరువు నిండా ఒండ్రు. ఎర కనబడకుండా పోతోంది.

గుండు బురదలో దిగి దారాన్నీ లోపలికి లాగుతోంది. గుండును 30 గ్రాములకు తగ్గించి, గుండ్రటిది కాక బిళ్లలా ఉన్నది వాడండి. హుక్కు దారాన్ని 30 సెం.మీ. చేయండి.

శ్రీకాళహస్తి నుంచి: ఇదే గాలానికి బొచ్చె పడుతుందా?

పడొచ్చు గానీ దాన్ని నమ్ముకోవద్దు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, మీసాలుండవు, పై నీళ్లలో సన్నటి జీవులను వడగట్టి తింటుంది. అడుగున పెట్టిన ఎర దాని దారిలోనే ఉండదు. దానికి బెండు కట్టి, చెనక్కాయ చెక్క, తవుడు కలిపిన ముద్దను స్ప్రింగుకు పట్టించి, చుట్టూ రెండు మూడు హుక్కులు వేలాడదీయండి. ముద్ద విడిపోతుంటే ఆ పొడితో పాటు హుక్కును పీలుస్తుంది.

పలమనేరు నుంచి: సంగటి ముద్ద పెడితే జిలేబీ చేపలు, పీతలు నిమిషాల్లో ఊడ్చేస్తున్నాయి.

మెత్తటి ఎర వాటి కోసమే అన్నట్టుంటుంది. గట్టి ఎర పెట్టండి. ఎండు మొక్కజొన్నలను ఒక రోజంతా నానబెట్టి, అరగంట ఉడికించి, రెండు గింజలు గుచ్చితే చాలావరకు నిలుస్తుంది. నానబెట్టకుండా గింజలు చల్లొద్దు, చేప కడుపులో ఉబ్బుతాయి.

ఇంకా గట్టిది కావాలంటే బొంబాయి రవ్వ 100 గ్రాములు, సోయా పిండి 100 గ్రాములు, రాగి పిండి 50 గ్రాములు తీసుకుని, మూడు గుడ్లు గిలకొట్టి కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా పిసకండి. 15 మి.మీ. ఉండలు చేసి, మరిగే నీళ్లలో కొన్ని కొన్నిగా వేసి రెండు నిమిషాలకు తీసేయండి. ఎక్కువసేపు ఉంచితే వాసన నీళ్లలోకి పోతుంది. గుడ్డ మీద నీడలో ఒక రోజు ఆరనివ్వండి. పీతలు మరీ ఎక్కువైతే ఇంకో రోజు ఆరబెట్టండి. గుచ్చేటప్పుడు ఉండ పగిలితే గుడ్డు తక్కువైందని అర్థం. ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటాయి, బూజు కనబడితే పారేయండి.

చెరువు మత్స్యకారుల సంఘానికి లీజులో ఉంటే, గాలం వేసే ముందు వాళ్లను అడగండి.