కాలేజీ నెట్‌వర్క్ బాధ్యత తీసుకున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కాలేజీ నెట్‌వర్క్‌ను నీ చేతికి అప్పగించారని చదివి చాలా సంతోషించాను. రాత్రి పది దాటితే హాస్టళ్లలో నెట్ కదలడం లేదని, ట్రాఫిక్‌ను గమనించడానికి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లు పన్నెండు రాసి పెట్టుకున్నానని, వాటిలో ఏది మంచిదని అడిగావు. ఆ జాబితాను ఒక వారం పక్కన పెట్టు తల్లీ. నీకు ఏం తెలియాలో ముందు తేల్చుకో. లైను నిండిందా, ఎవరు నింపుతున్నారు, ఫలానా కంప్యూటర్ ఎందుకు ఇబ్బంది పడుతోంది: ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు. ఒకే సాఫ్ట్‌వేర్ మూడింటికీ బాగా జవాబు చెప్పడం నేను చూడలేదు.

లైను సంగతికి స్విచ్‌లు, రౌటర్లు తమలో తాము రాసుకునే లెక్కలే చాలు. వాటిని ఎస్ఎన్ఎంపీ (పరికరాల నుంచి లెక్కలు అడిగి తెచ్చుకునే పద్ధతి) ద్వారా తెచ్చి గ్రాఫు గీసే లిబ్రెఎన్ఎంఎస్‌తో మొదలుపెట్టు. ఇలాంటి పనే చేసే జాబిక్స్ కూడా గట్టిదే, కానీ మన అవసరానికి మలచుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. నువ్వు ఒక్కదానివే ఉన్నావు.

ఇక్కడ నేను పడిన పాట్లు నువ్వు పడకూడదు. ఒకప్పుడు మా ఆఫీసులో లైనును 100 మెగాబిట్ల నుంచి ఒక గిగాబిట్‌కు పెంచారు. జనం నెట్ నెమ్మదిగా ఉందంటున్నారు, నా గ్రాఫు మాత్రం 114 మెగాబిట్లు దాటి ఎక్కదు. రెండు రోజులు ఊరికే అందరితో వాదించాను. తీరా చూస్తే నేను చదువుతున్నది 32 బిట్ల కౌంటర్, అంటే పారిన బైట్లను లెక్కపెట్టే చిన్న మీటరు. గిగాబిట్ లైను నిండుగా పారితే అది 34 సెకన్లకే నిండి సున్నాకు వస్తుంది. ఐదు నిమిషాలకు ఒకసారి వెళ్లి చూసేవాడికి మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో ఏం తెలుస్తుంది? 64 బిట్ల కౌంటర్ పెట్టాకే అసలు చిత్రం కనిపించింది. ఏది పెట్టినా, తెలిసిన పరిమాణం ఉన్న పెద్ద ఫైలును నువ్వే దించి, గ్రాఫు అంతే చూపిస్తోందో లేదో సరిచూసుకో.

ఎవరు నింపుతున్నారన్నదానికి ఫ్లో రికార్డులు కావాలి. ఫోను బిల్లులో ఎవరికి ఎంతసేపు అని ఉంటుంది, మాటలు ఉండవు, ఇవీ అంతే. మీ రౌటర్ ఈ రికార్డులను నెట్‌ఫ్లో రూపంలో పంపుతుందో ఎస్‌ఫ్లో రూపంలో పంపుతుందో ముందు కనుక్కో. వాటిని చూపించే ఎన్‌టాప్‌ఎన్‌జీ తెర చూడముచ్చటగా ఉంటుంది, కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం. అయితే రౌటర్ పంపే నెట్‌ఫ్లోను దానికి అందించాలంటే ఎన్‌ప్రోబ్ అనే మరో సాఫ్ట్‌వేర్ కావాలి, దానికి వేరే లైసెన్సు ఉంది. అందుకే నేనైతే ఎన్‌ఎఫ్‌డంప్‌తో మొదలుపెడతాను. కమాండ్లతో పని, కానీ నెలల రికార్డులను కూడా తేలిగ్గా జల్లెడ పడుతుంది.

ఫలానా కంప్యూటర్ ఎందుకు ఇబ్బంది పడుతోందో తెలియాలంటే ప్యాకెట్ల దాకా, అంటే లైనులో పోయే డేటా ముక్కల దాకా వెళ్లాలి. అది చివరి మెట్టు. గిగాబిట్ లైనును నిండుగా పట్టి దాస్తే గంటకు 450 గిగాబైట్లు అవుతుంది. కాబట్టి టీసీపీడంప్‌తో ఆ ఒక్క కంప్యూటర్ ట్రాఫిక్‌నే పట్టి, ఫైలును నీ యంత్రంలో వైర్‌షార్క్‌తో తెరువు. స్విచ్‌లో మిర్రర్ పోర్టు (ఒక లైను ట్రాఫిక్‌కు నకలు ఇచ్చే పోర్టు) వాడేటప్పుడు గుర్తుంచుకో: గిగాబిట్ లైను రాకపోకలు రెండూ కలిస్తే రెండు గిగాబిట్లు, మిర్రర్ పోర్టు ఒక గిగాబిట్‌దే. మిగిలింది చప్పుడు లేకుండా రాలిపోతుంది. అలా రాలినవి టీసీపీడంప్ చివర చూపే లెక్కలోకి రావు. స్విచ్‌లో ఆ పోర్టు డ్రాప్‌లను చూడాలి.

దాడులను, అనుమానాస్పద ట్రాఫిక్‌ను కనిపెట్టే సురికాటా, జీక్ గొప్పవే. కానీ వాటి హెచ్చరికలను రోజూ చదివే మనిషి లేకుండా పెట్టవద్దు.

ఇంకొక మాట, ఇది నాకు చాలా ముఖ్యం. ఆ తీగల్లో పోయేది పిల్లల సొంత జీవితం. కంటెంట్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా, ఎవరు ఏ సైటుకు వెళ్లారో చాలావరకు తెలిసిపోతుంది. లిఖితపూర్వక అనుమతి లేకుండా ఎవరి ప్యాకెట్లూ పట్టకు, పని కాగానే ఫైలు చెరిపివేయి. లాగ్‌లను (యంత్రాలు రాసుకునే చిట్టాలను) 180 రోజులు దేశంలోనే భద్రపరచాలన్న, మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 నాటి ఆదేశాలు మీకు ఎలా వర్తిస్తాయో యాజమాన్యంతో మాట్లాడు. అది లాగ్‌ల సంగతి. దాన్ని చూపించి ప్యాకెట్లు దాచమని ఎవరైనా అంటే ఒప్పుకోకు.

ఈ వారం లైను గ్రాఫు ఒక్కటే పెట్టి, రాత్రి పదికి ఎలా ఉందో నాకు పంపు. లైను నిండకపోతే లోపం హాస్టల్ వైఫైలో ఉండవచ్చు, అప్పుడు ఫ్లోల జోలికే పోనక్కర్లేదు.

ఇట్లు,
మీ పెదనాన్న