ఆరోగ్యంగా ఉన్న జంతువుని జూ వాళ్లే చంపడం న్యాయమేనా?

మీరు అడుగుతున్నది మారియస్ లాంటి కేసు గురించే అనుకుంటా. 2014 ఫిబ్రవరిలో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ జూ ఏ జబ్బూ లేని ఈ కుర్ర జిరాఫీని కాల్చి చంపి, పిల్లలతో సహా సందర్శకుల ముందే కోసి, మాంసం సింహాలకు వేసింది. విషపు ఇంజెక్షన్ ఇస్తే ఆ మాంసం పనికిరాదు కాబట్టి తుపాకీ వాడారు.

జూ చెప్పిన కారణం మరీ కొట్టిపారేసేది కాదు. యూరప్‌లోని చాలా జూలు కలిసి జిరాఫీల సంతతిని ఒకే మందలా చూస్తాయి, అందులో మారియస్ రక్తసంబంధీకులు ఇప్పటికే ఎక్కువ, వాడు కూడా పిల్లల్ని కంటే మేనరికం సమస్య వస్తుందన్నారు. మరి గర్భనిరోధకాలు ఇవ్వొచ్చు కదా అంటే, వాటికి దుష్ప్రభావాలున్నాయి, పైగా పిల్లల్ని కని పెంచడం జంతువు సహజ జీవితంలో భాగం అని వాళ్ల వాదన. అమెరికా జూలు మాత్రం ఎక్కువగా గర్భనిరోధకాల వైపే మొగ్గుతాయి.

నాకు మింగుడుపడనిది వేరే. బ్రిటన్‌లోని యార్క్‌షైర్ వైల్డ్‌లైఫ్ పార్క్ తీసుకుంటామంది, అయినా ఇవ్వలేదు. అక్కడ కూడా మారియస్ కన్నా అవసరమైన జిరాఫీకే ఆ చోటు దక్కాలట! జాతి లెక్కలో అది సరే కావచ్చు, కానీ ఆ పిల్లని పుట్టించింది జూయేగా, పుట్టకముందు వేయాల్సిన లెక్క అది. కోసి చూపించడం మీద జనం ఎక్కువ మండిపడ్డారు గానీ (చికెన్ షాపు ముందు క్యూలో నిలబడే మనం కూడా), నా దృష్టిలో అదొక్కటే అందులో నిజాయితీగా జరిగిన పని.