ట్రాన్స్‌మిషన్ లైన్స్ వదిలేసి యాంటెన్నా డిజైన్‌లోకి వెళ్లవచ్చా?

ప్రశ్న: ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. యాంటెన్నా డిజైన్ అంటే చాలా ఇష్టం. కానీ ట్రాన్స్‌మిషన్ లైన్స్, స్మిత్ చార్ట్ అంటేనే టెన్షన్. అవి లేకుండా ఈ రంగంలో స్థిరపడగలనా?

సమాధానం: కుదరదు. ఈ మాట ఇప్పుడే తెలిస్తే మీకు మంచిది. అయితే మీరు భయపడుతున్నంత లెక్క అందులో లేదు.

ఒక ఉదాహరణ చూడండి. యాంటెన్నాకి పవర్ తీసుకెళ్లే లైను 50 ఓమ్‌లది, ప్యాచ్ యాంటెన్నా (బోర్డు మీద పలుచని లోహపు రేకులా ఉండేది) అంచు దగ్గర ఇంపిడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు, 200 ఓమ్‌లు అనుకుందాం. రెండింటి తేడా 150ని మొత్తం 250తో భాగిస్తే 0.6. దాని వర్గం 0.36. అంటే మీరు పంపిన పవర్‌లో నూటికి 36 వంతులు యాంటెన్నా దాకా వెళ్లి తిరిగొచ్చేస్తాయి. మధ్యలో పావు తరంగదైర్ఘ్యం పొడవున 100 ఓమ్‌ల లైను ముక్క పెడితే, డిజైన్ చేసిన ఫ్రీక్వెన్సీ దగ్గర ఆ నష్టం పోతుంది. ఈ 100 ఎక్కడిది? 50ని 200తో గుణించి వర్గమూలం తీస్తే వచ్చింది. ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) ఇంజినీర్ల పనిలో చాలా భాగం ఇలా రెండు ఇంపిడెన్స్‌లనూ కలిపే మ్యాచింగే. స్మిత్ చార్ట్ కూడా ఇదే లెక్కను కంటికి చూపించే బొమ్మ.

ఈ సెలవుల్లో ఒక యాంటెన్నా చేతితో చేయండి. 2.4 గిగాహెర్ట్జ్‌కి పావు తరంగం సుమారు 31 మిల్లీమీటర్లు. తర్వాత కత్తిరించుకునేలా కాస్త ఎక్కువగా, కనెక్టర్‌కి 34 మిల్లీమీటర్ల రాగి తీగ సోల్డర్ చేసి, కింద గ్రౌండ్‌గా రేకు ముక్క పెట్టండి. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత పవర్ తిరిగొస్తుందో కొలిచే నెట్‌వర్క్ ఎనలైజర్ కాలేజీ ల్యాబ్‌లో ఉంటే అడగండి. లేకపోతే అదే పని చేసే చిన్న పరికరం నానోవీఎన్ఏ చాలు, కాకపోతే అది 3 గిగాహెర్ట్జ్ దాకా కొలిచేదై ఉండాలి. స్క్రీన్ మీద గ్రాఫ్ 2.4కి కాస్త ముందే లోయలా దిగుతుంది. తీగను ఒక్క మిల్లీమీటరు కత్తిరించండి, ఆ లోయ దాదాపు 65 మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. చెయ్యి దగ్గరికి తెస్తే అదీ కదులుతుంది. ఫోన్ యాంటెన్నాలు చేసేవాళ్లకు రోజూ ఎదురయ్యే సమస్య ఇదే.

తర్వాత అదే తీగను ఓపెన్‌ఈఎంఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసి చూడండి. రెండు గ్రాఫులూ కలవవు. ఎందుకు కలవలేదో తెలుసుకునేదాకా మీకు నిద్ర పట్టకపోతే, ఆర్‌ఎఫ్, మైక్రోవేవ్‌లో ఎంటెక్‌కి ధైర్యంగా వెళ్లండి. మొబైల్, రాడార్, శాటిలైట్, ఈఎంఐ (పరికరాల మధ్య విద్యుదయస్కాంత జోక్యం) టెస్టింగ్, అన్నిచోట్లా ఈ చదువు పనికొస్తుంది. విసుగొస్తే మాత్రం ఎంబెడెడ్ (పరికరాల లోపలి చిప్‌లకు ప్రోగ్రామ్ రాసే పని) వైపు ఆలోచించండి, అందులో తప్పేమీ లేదు.

ఆ రెండు గ్రాఫులూ దాచుకోండి. రెజ్యూమెలో సాఫ్ట్‌వేర్ పేర్ల జాబితా కన్నా వాటినే ముందు పెట్టండి.